మనావిడ

స్వామివారు అన్నది ఒకే ఒక్క మాట. అది అనేసి, ఆ పూట నుంచే నలభై రోజుల మౌనం పట్టారు. ఆ ఒక్క మాటనీ పిండి పిండి, ఆశ్రమం కమిటీవారు నలభై మూడు నియమాలూ, మూడు అనుబంధాలూ, ఒక దరఖాస్తు ఫారమూ తీశారు. అదేమిటయ్యా అని అడ్డుపడదామంటే స్వామివారికి మౌనమాయె!

ఆ మాట ఇదీ: 'మాది అనకండి, మనది అనుకోండి.'

ఏలేశ్వరం దాటి కొండల వైపు తిరిగే రోడ్డు మీద ఉంది నిర్మమాశ్రమం. అక్కడ ఏ గోడ చూసినా ఇదే మాట నీలం రంగుతో రాసి ఉంటుంది. దీన్ని ఆచరణలో పెట్టడానికి కమిటీవారు ఎండాకాలం సెలవుల్లో ఐదు రోజుల శిబిరం పెట్టారు. పేరు 'మమకార విసర్జన కుటుంబ శిబిరం'. భార్యాభర్తలూ పిల్లలూ కలిసి రావాలి, వచ్చి మమకారం వదిలేసి వెళ్ళాలి. మౌనం నలభయ్యో రోజూ శిబిరం ఐదో రోజూ ఒకటే అయ్యేట్టు చూసుకున్నారు. ఆ రోజు స్వామివారు నోరు విప్పుతారన్నమాట.

ఆ శిబిరానికి కాకినాడ నుంచి రాజగోపాలం కుటుంబం వచ్చింది. వచ్చిన కారణం చెప్పకపోతే అతని బాధ మీకు అర్థం కాదు, ఉత్త నవ్వే మిగులుతుంది. నవ్వొద్దని కాదు. ఈ కథ చెప్పుకుని అతను ఇప్పటికీ అందరికంటే ముందు తనే నవ్వుతాడు.

రాజగోపాలం ఇరిగేషను ఆఫీసులో సూపరింటెండెంటు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో 'నేను' అన్న మాట రాసిన పాపాన పోలేదు. ఫైల్లో అంతా 'పరిశీలించబడినది', 'తగు చర్య తీసుకొనబడును'. ఆ అలవాటు చేతి నుంచి నోటికి ఎక్కింది, నోట్లోంచి ఇంట్లోకి వచ్చింది. వంకాయ కూర ఎలా ఉందని భార్య అడిగితే 'సంతృప్తికరం' అనేవాడు. పెళ్ళయి పధ్నాలుగేళ్ళయినా ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచింది లేదు. ఇంట్లో 'ఇదిగో', బయట 'మా ఇంట్లో వాళ్ళు'. అంతే.

అలాంటి మనిషి దగ్గరికి పది రోజుల కిందట భార్య వసుంధర ఒక కాగితం పట్టుకొచ్చింది. ఆవిడ బ్యాంకులో పని చేస్తుంది.

"సాలూరు బ్రాంచికి మేనేజరుగా వేశారండీ. మూడేళ్ళు. అమ్మాయిని తీసుకెళ్తాను. మీ సెలవులు కుప్పలు కుప్పలుగా పడున్నాయి కదా, ఓ ఏడాది లాంగ్ లీవు పెట్టి మాతో రాకూడదూ?"

రాజగోపాలం పేపరు మడిచి, "పరిశీలిద్దాం" అన్నాడు.

"ఎవరు పరిశీలించాలండీ? ఇంట్లో ఉన్నది మీరూ నేనే కదా! వస్తానంటే వస్తాననండి, రానంటే రాననండి."

రావాలని అతనికి లోపల గట్టిగానే ఉంది. ఆవిడ లేని ఇల్లు తలుచుకోలేకపోతున్నాడు కూడా. కానీ ఆ మాట బయటికి రావడానికి ఎక్కడో ఒక సంతకం తక్కువైంది. నాలుగు రోజులు చూసింది వసుంధర. ఐదో రోజున వాళ్ళ వదిన చెబితే ఈ శిబిరానికి పేర్లు ఇచ్చింది.

"ఆదివారం శిబిరం అయిపోతుంది. నేను అటునుంచి అటే సాలూరు బస్సెక్కేస్తాను, సోమవారం చేరాలి. ఈలోగా మీ నోటంట ఒక మాట రావాలి. రాకపోతే ఇంక అడగను."

అదండీ సంగతి.

*

ఆశ్రమం గేటు దగ్గర ఒక బక్క కుక్క పడుకుని ఉంది. డొక్కలు లెక్కపెట్టొచ్చు. వాళ్ళమ్మాయి చిన్మయికి పదేళ్ళు, కుక్క కనిపిస్తే కాలు కదలదు.

"ఇదెవరి కుక్కండీ?" అని కార్యకర్తనడిగింది.

"మన కుక్క పాపా! ఇక్కడ అన్నీ మనవే" అన్నాడాయన గర్వంగా.

"మరి అన్నం ఎవరు పెడతారు?"

"ఇంకెవరు? మనమే!" అనేసి ఆయన లోపలికి పోయాడు. చిన్మయి సంచిలోంచి రెండు బిస్కెట్లు తీసి కుక్క ముందు పెట్టింది.

లోపల బల్ల దగ్గర కార్యదర్శి నరహరిరావుగారు కూర్చున్నారు. ఆయన రిటైరైన తాసిల్దారు. రిటైరయ్యింది ఉద్యోగం నుంచే, భాష నుంచి కాదు.

"ఇందుమూలముగా యావన్మంది సాధకులకు తెలియజేయునది ఏమనగా," అని మొదలుపెట్టి ఆయన ముఖ్యమైనవి చదివారు. 'నా' అనరాదు. 'మా' అనరాదు. 'మన' మాత్రమే అనవలెను. తప్పితే, మెడలో వేసిన గుడ్డసంచిలో తప్పుకో చింతగింజ పడును. ఆదివారం నాటికి ఖాళీ సంచీతో మిగిలిన సాధకుడు స్వామివారి సమక్షంలో వేదిక మీద సత్కరించబడును.

"వీరెవరు?"

"మా ఇంట్లో వాళ్ళండీ."

అప్పుడే మెడలో వేస్తున్న సంచిలో టప్పున ఒక గింజ పడింది.

"అంటే, నా భార్య అని..." ఇంకోటి పడింది. పధ్నాలుగేళ్ళకి మొదటిసారి ఆ మాట అంటే దానికి దక్కిన మర్యాద అది! వసుంధర పైకే నవ్వింది.

రాజగోపాలానికి రోషం వచ్చింది. నియమావళి కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అయ్యా, ఇక్కడ చూడండి. 'సంచి ధరించిన పిదప' అని ఉంది. ఇంకా తాడు ముడి వెయ్యలేదు. కాబట్టి ఈ రెండు గింజలూ చెల్లవు."

నరహరిరావుగారు రెండుసార్లు చదువుకున్నారు. గింజలు తీసి డబ్బాలో వేశారు. లేచి నిలబడ్డారు.

"తమరు ఏ డిపార్టుమెంటు?"

"ఇరిగేషనండి. ఇంకో లోపం కూడా కనిపిస్తోంది. 'నా' అనరాదు అన్నారు. మరి 'నాన్న' సంగతి ఏమిటి? అందులో మొదటి అక్షరమే 'నా' కదా? 'మామయ్య'లో 'మా' ఉంది. 'మాగాయ'లో ఉంది. వీటి విషయం స్పష్టం చెయ్యలేదు."

అతను ఊరికే అన్నాడు. నిజానికి వసుంధర చూస్తోందని కాస్త గొప్పకి అన్నాడు. కానీ నరహరిరావుగారి మొహం వెలిగిపోయింది.

"అత్యంత గమనార్హమైన అంశం!" అన్నారాయన.

మధ్యాహ్నానికల్లా 'శబ్దశుద్ధి ఉపసంఘం' ఏర్పడింది. కన్వీనరు రాజగోపాలం. ఒక బల్ల, ఒక కుర్చీ, నోట్‌ఫైలు, ఆకుపచ్చ సిరా పెన్ను. చెప్పొద్దూ, గెజిటెడ్ ఆఫీసర్ల సొత్తయిన ఆకుపచ్చ సిరా అతని జన్మలో చేతికి రావడం అదే మొదలు. వసుంధరతో మాట్లాడడానికి వచ్చిన సంగతి ఆ సిరాలోనే మునిగిపోయింది.

*

రెండో రోజు ఫలహారాల వేళకి సవరణలు గోడకెక్కాయి. నాన్న ఇక మీదట 'మనన్న'. మామయ్య 'మనమయ్య'. నాలుగు అనరాదు, 'మూడూ ఒకటీ' అనాలి. వంటాయన పాపం బక్కెట పట్టుకుని, "మనగాయ వెయ్యమంటారా, మనమిడికాయ పప్పు వెయ్యమంటారా?" అంటూ వరసలో తిరిగాడు. రెండూ ఒకటే అనుకుని సగం మంది వద్దన్నారు.

"మనన్నా, మంచినీళ్ళు!" అని చిన్మయి అరిచి పకపకా నవ్వింది. పిల్లలకి ఇది మహా బాగుంది.

చిక్కు వచ్చింది ఒక పెద్దావిడతో. ఆవిడ కూర్చున్నా లేచినా "నారాయణా" అంటుంది. కార్యకర్తలు మొహమాటపడుతూనే గింజలు వేస్తూ పోయారు. తొమ్మిదింటికి ఆవిడ సంచి కొబ్బరికాయంత అయింది. ఉపసంఘం అత్యవసరంగా కూర్చుంది. 'మనరాయణ' అనమందామని ఒక సభ్యుడు అన్నాడు. ఆవిడ చేతికర్ర చూసి ఆ ప్రతిపాదన ఉపసంహరించబడింది. చివరికి రాజగోపాలమే మార్గం చూపాడు: తెల్లవారి ఐదు నుంచి ఆరు వరకు దేవుడికి మినహాయింపు.

"మరి ఆరు దాటాక?" అంది పెద్దావిడ.

"ఆరు దాటాక ఆయన కూడా శిబిరంలో ఉన్నట్టే లెక్కండి" అన్నాడు రాజగోపాలం. ఈ మాట అన్నందుకు అతను ఇప్పటికీ చెంపలు వేసుకుంటూ ఉంటాడు.

తునిలో బట్టల కొట్టున్న వీర్రాజుగారు వాళ్ళావిణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన గొంతు ఆశ్రమం అంతా వినిపిస్తుంది.

"ఏవండీ కన్వీనరుగారూ, మనావిడ కనిపించిందా?"

"మనావిడ గోశాల వైపు వెళ్ళిందండీ" అన్నాడు రాజగోపాలం, వసుంధర సంగతనుకుని.

వీర్రాజుగారు గోశాల దాకా పరిగెత్తి ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. "అక్కడున్నది మీ ఆవిడండీ బాబూ!"

"అదిగో, 'మీ' అన్నారు! మీది అంటే మనది కాదనేగా? మనది కానిది ఒకటుందంటే, మమకారం ఉన్నట్టే. 'మీ' కూడా కుదరదు."

వీర్రాజుగారు గడ్డం గోక్కున్నాడు. బాగా ఆలోచించి, "అక్కడున్నది ఈ మనావిడ కాదండీ, ఆ మనావిడ" అన్నాడు.

వరండాలో కూర్చున్న మగాళ్ళందరూ ఉలిక్కిపడి గోశాల వైపు చూశారు.

ఆ సాయంత్రం చెప్పుల వంతు వచ్చింది. చెప్పుకో స్థలం ఉంటే అది మమకారమని, అందరివీ ఒక కుప్ప పోయించారు. ఎవరికి దొరికింది వారు వేసుకోవాలి. కొత్త తోలు చెప్పులతో వచ్చిన రాజగోపాలానికి కుడికాలికి ఎవరిదో నల్ల తోలుదీ, ఎడమకాలికి నీలం హవాయిదీ దక్కాయి. అయినా అతను కుంటుతూనే ఉత్సాహంగా తిరిగాడు. ఉపసంఘం కన్వీనరు కదా!

మూడో రోజున నరహరిరావుగారు, "మాట మారినది. మనసు మారుటకు ఏమి చర్య ప్రతిపాదిస్తారు?" అని నోట్ అడిగారు.

రాజగోపాలం ఒక్క ఊపులో రాసిపారేశాడు. కుటుంబం కుటుంబంగా గదుల్లో ఉన్నంతవరకు మమకారం పోదు. కావున కుటుంబములు తాత్కాలికముగా రద్దు చేయవలెను. పురుషులు ఒక హాలు, స్త్రీలు ఒక హాలు, పిల్లలు ఒక హాలు. తిరుగు ప్రయాణంతో సహా సమస్త ఏర్పాట్లూ హాళ్ళ వారీగానే జరుపవలెను. ఇది ముప్ఫై ఒకటో నియమానికి సవరణ. కింద సంతకం, తేదీ.

సంతకం ఆరాక గానీ అతనికి తట్టలేదు, తనకీ ఒక కుటుంబం ఉందని.

*

నాలుగో రోజున మగాళ్ళ హాల్లో అతనికి ఏమీ తోచలేదు. ఆకుపచ్చ సిరా అయిపోయింది. ప్రసాదంగా ఇచ్చిన లడ్డూ తినబుద్ధి కాక, జేబురుమాల్లో చుట్టి పిల్లల హాలు దగ్గరికి వెళ్ళాడు.

గుమ్మంలో అడుగు పెట్టగానే ముప్ఫై మంది పిల్లలు, "మనన్నా!" అని అరుస్తూ మీద పడ్డారు. అలా నేర్పించారు మరి, ఏ మగాడొచ్చినా మనన్నే. వాళ్ళ మధ్యలో చిన్మయి కూడా ఉంది. అందరిలాగే పరిగెత్తుకొచ్చింది, అందరిలాగే చెయ్యి చాపింది, చిన్న లడ్డూ ముక్క తీసుకుని అందరిలాగే "థాంక్యూ మనన్నా" అని ఆటకి వెళ్ళిపోయింది. ఆ ముక్కలో సగం కిటికీలోంచి కుక్కకి విసిరింది.

రాజగోపాలం ఖాళీ జేబురుమాలు పట్టుకుని నిలబడిపోయాడు. ముప్ఫై మంది నాన్నా అన్నట్టే అన్నారు, ఒక్కరూ అననట్టే ఉంది. ఏడుపొచ్చినంత పనయింది.

వెనక్కి తిరిగేసరికి వరండాలో వసుంధర ఎదురుపడింది. ఆవిడ మెడలో సంచి ఇంత లావున వేలాడుతోంది. శిబిరం మొత్తం మీద అంత బరువు ఇంకెవరికీ లేదు, నారాయణ పెద్దావిడకి కూడా. కన్వీనరుగారి భార్యకి ఇన్ని గింజలా అని పొద్దున్నే నరహరిరావుగారు ఆక్షేపించారు కూడా. రాజగోపాలానికి అది గుర్తొచ్చింది.

"కాస్త నోరు అదుపులో పెట్టుకోకూడదూ? ఏమిటిన్ని గింజలు?"

వసుంధర సంచి వంక చూసుకుంది. "రేపు ఆదివారం. ఏమంటారు?" అంది.

అనాలని నోరు తెరిచాడు. 'నాకు నువ్వు లేకపోతే కాదు' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే కార్యకర్త, చేతిలో గింజల డబ్బా. మెడలో ఖాళీ సంచి, శిబిరం మొత్తానికి ఒకే ఒక్క ఖాళీ సంచి. రేపు సత్కారం.

"మన... అంటే మనకి... ఆ విషయం మన పరిశీలనలో ఉంది" అన్నాడు.

"ఉంచుకోండి" అంది వసుంధర. అని, స్త్రీల హాల్లోకి వెళ్ళిపోయింది.

*

ఆదివారం పదింటికి వేదిక కట్టారు. స్వామివారు వచ్చి కూర్చున్నారు. ఎనభై ఏళ్ళ బక్కపలచటి మనిషి, నలభై రోజులూ గది దాటి రాలేదేమో, గోడల మీద నీలం రాతలన్నీ వింతగా చూస్తున్నారు. వేదిక ఎదురుగా రోడ్డు మీద మూడు బస్సులు నిలబడి ఉన్నాయి.

"ముప్ఫై ఒకటవ నియమం ప్రకారం," అని నరహరిరావుగారు మైకులో చదివారు, "పురుషులు కాకినాడ బస్సు, స్త్రీలు సాలూరు బస్సు, పిల్లలు తుని బస్సు అధిరోహించవలెను. ఎవరూ ఎవరినీ తమవారని క్లెయిము చేయరాదు."

రాజగోపాలం ఆయన చెవి దగ్గరికి వంగాడు. "అయ్యా, పిల్లల్ని తునిలో దింపి ఏం చేస్తారు?"

"అది తమరి నోట్‌లో లేదు. తమరు రాసినంత వరకే అమలు" అన్నారాయన. తర్వాత శాలువా విప్పి అతని భుజాల మీద కప్పారు. "ఇదిగో, ఐదు రోజులలో ఒక్కసారి కూడా నా, మా అనని ఉత్తమ సాధకుడు! రెండు మాటలు సెలవివ్వండి."

మైకు అతని చేతికొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. రాజగోపాలం చూపు మాత్రం బస్సుల మీదే ఉంది. సాలూరు బస్సు మెట్టు మీద వసుంధర నిలబడి ఉంది, ఒక చేత్తో చిన్మయి చెయ్యి పట్టుకుని. కార్యకర్త ఒకడు పిల్లని తుని బస్సు వైపు లాగుతున్నాడు. "నా కూతురయ్యా, వదులు!" అంటోంది ఆవిడ. వాడు రెండో చేత్తో ఆవిడ సంచిలో గింజ వేస్తున్నాడు. వసుంధర ఒక్కసారి వేదిక వైపు చూసింది. పిలవలేదు. అడగనని చెప్పింది కదా, అడగలేదు. డ్రైవరు హారను కొట్టాడు.

"ఆపండి!" అన్నాడు రాజగోపాలం. మైకులో ఆ అరుపు కొండకి తగిలి వెనక్కొచ్చింది. "ఆ బస్సు ఆపండి! ఆవిడ నా భార్య! వసుంధర నా భార్య! ఆ పిల్ల నా కూతురు, దాని చెయ్యి వదలండి! వసుంధరా, నేనొస్తున్నాను! నేనే వస్తున్నాను, పరిశీలన లేదు ఏమీ లేదు! ఈ నియమం రాసిన వెధవని కూడా నేనే!"

నరహరిరావుగారు గబగబా డబ్బా తీసి, "ఒకటి... రెండు..." అంటూ అతని సంచిలో గింజలు వెయ్యబోయారు. ఈలోగా జనంలోంచి వీర్రాజుగారు లేచాడు.

"మరి మా ఆవిడేదండీ? మా ఆవిడ! మా ఆవిడ!"

అంతే. కట్ట తెగింది. "మా అబ్బాయి!" "నా చెప్పులు!" "మా పెట్టె!" "నారాయణా!" ఎవరి నోట చూసినా నా, మా. కార్యకర్తలు గింజలు విసిరి విసిరి డబ్బాలు ఖాళీ అయి చేతులెత్తేశారు. నరహరిరావుగారు స్వామివారి వైపు తిరిగారు.

"స్వామీ, తమరు మౌనానికి ముందు సెలవిచ్చిన మహావాక్యం భగ్నమైంది!"

స్వామివారు నలభై రోజుల తర్వాత నోరు విప్పారు.

"ఏ వాక్యం నాయనా?"

"మాది అనకండి, మనది అనుకోండి..."

"అదా! ఆ రోజు గేటు దగ్గర కుక్క చేరితే, ఎవరిదని అడిగాను. అందరూ మాది కాదు, మాది కాదన్నారు. మాది కాదనకండి, మనదనుకోండి, ఇంత అన్నం పడెయ్యండి అన్నాను." స్వామివారు చుట్టూ చూశారు. "ఇంతకీ దానికి అన్నం పెడుతున్నారా?"

కమిటీవారు గబగబా నియమావళి తిరగేశారు. నలభై మూడు నియమాల్లో ఎక్కడా కుక్క లేదు.

*

రాజగోపాలం శాలువా అక్కడే వదిలేసి, ఒక తోలు చెప్పుతో, ఒక హవాయి చెప్పుతో పరిగెత్తి బస్సెక్కాడు. వసుంధర పక్కకి జరిగి చోటిచ్చింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"బట్టలైనా తెచ్చుకోలేదు" అంది.

"సాలూరులో కొనుక్కుంటాను."

"సెలవు చీటీ?"

"రేపు పంపిస్తాను. నేనే రాస్తాను, 'నేను' అనే రాస్తాను."

బస్సు కదిలింది. వసుంధర మెడలో సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని బరువుకి చీర కుచ్చిళ్ళు కిందికి జారాయి. రాజగోపాలం దాని వంక చూసి మెల్లిగా అడిగాడు, ఈసారి ఆక్షేపణగా కాదు.

"నిజంగా, ఇన్ని గింజలెలా పడ్డాయి వసుంధరా?"

"ఎలా పడతాయి? ఆ హాల్లో కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూ ఉంటారు కదా. మా ఆయనకి కాఫీలో చక్కెర తక్కువుండాలి, మా ఆయనకి చెప్పులు కరుస్తాయి, మా ఆయన పైకి అలా ఉంటాడు గానీ మంచివాడే అని..." ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. "మా ఆయన, మా ఆయన అంటూనే ఉన్నాను ఐదు రోజులూ."

రాజగోపాలం ఖాళీగా ఉన్న తన సంచి మెడలోంచి తీసి, ఆవిడ గింజల్లోంచి ఒక పిడికెడు అందులో పోసుకున్నాడు.

"నాన్నా, జరుగు!" అని చిన్మయి ఇద్దరి మీదుగా ఎక్కి వచ్చేసింది. "కిటికీ పక్క సీటు నాది!"